స్కూలు వాకిట్లో తెల్ల రాళ్లు

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే మా స్కూలు రోడ్డుకు ఎంత దగ్గరగా ఉండేదంటే, బస్సు డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా నా చేతిలోని చాక్‌పీసు ఒక అంగుళం పక్కకు జరిగేది. నేను గీసిన సరళరేఖలు వంకరగా ఉండేవంటే తప్పు ఆ డ్రైవర్లది. అయిదు రేకుల గదులు, ఒక వాకిలి, వాకిట్లో ఒక బోరు. పొద్దున పది దాటితే ఆ రేకుల కింద అప్పడాలు వేయించుకోవచ్చు. మూడో గది ఆరో తరగతి. అందులో ముప్పై ఎనిమిది మంది పిల్లలు, వాళ్లకు లెక్కల సారును నేను.

సారును అనటం కూడా అప్పటికి కాస్త ఎక్కువే. నెల రోజుల ట్రయల్ మీద ఉన్నవాణ్ని.

అవి మాదాపూర్ దిక్కు అద్దాల బిల్డింగులు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. మా మండలం మొత్తంలో కంప్యూటరు నేర్చుకోని ప్రాణులు రెండే మిగిలాయి. ఒకటి మా బర్రె, రెండోది నేను. బర్రె ప్రయత్నించలేదు. నేను అమీర్‌పేటలో మూడుసార్లు ప్రయత్నించాను. మూడోసారి సూట్‌కేసుతో తిరిగొచ్చిన రోజు మా బాపు నా వైపు కూడా చూడకుండా, "సదువు నీతోని గాదుగని, మీ మామ షాబాద్ రోడ్డు మీద ప్లాట్లమ్ముతున్నడు, ఆయనెంబడి తిరుగు" అన్నాడు.

తిరిగాను, ఒక్కరోజు. సిటీ నుంచి వచ్చిన పార్టీకి మామ భూమి చూపిస్తుంటే, నేనూ ఒక మాట సాయం చేద్దామని, "ఈడ నీళ్లకు ఫికరే లేదు సార్, రెండు గజాలు తవ్వితె సముద్రమే" అన్నాను. ఆయన పునాది గురించి ఆలోచించి కారెక్కి వెళ్లిపోయాడు. మామ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఈ స్కూలు కూడా పోతే మళ్లీ ఆయన బండి వెనక సీటే నాకు గతి.

స్కూలు పెట్టిందీ, నడిపేదీ, గంట కొట్టేదీ ఒక్కరే. మేం మేడం అనేవాళ్లం. చేరిన రోజే నన్ను తన గదిలో కూర్చోబెట్టి షరతు చెప్పింది.

"సార్, మీరు పాఠం ఎంత మంచిగ చెప్తరో నాకక్కర లేదు. పిల్లలు ఎటు చూస్తున్నరో గది గావాలె. ఆఖరి శనివారం రెండో పీరియడ్‌ల నేనొచ్చి ఎనక కూసుంట. రోడ్డు దిక్కు తిరిగిన ఒక్కొక్క తల్కాయకు ఒక్కొక్క గీత గీస్త. పది గీతలు దాటినయనుకో..."

"దాటితే మేడం?"

"దాటితె ఏమున్నది సార్. బస్సు గిక్కడ్నే ఆగుతది."

ఆ మాట విని క్లాసులోకి వెళ్లి "వైశాల్యం అంటే" అన్నానో లేదో, బయట ఒక హారన్ మోగింది. ముప్పై ఎనిమిది తలలూ గాలికి జొన్నచేను వాలినట్టు ఒక్కసారిగా కిటికీ వైపు వాలాయి. ఒక్క క్షణంలో ముప్పై ఎనిమిది గీతలు. అంటే నా ఉద్యోగం దాదాపు నాలుగుసార్లు పోయింది.

కార్లు అప్పుడట్లా వచ్చేవి. తెల్లవి, నల్లవి, అద్దాలకు నల్ల కాగితం అంటించినవి. లోపలున్నవాళ్లు చెప్పులకు మట్టి అంటకుండా దిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని పొలాలను చూసి, ఫోన్‌లో ఇంగ్లీషు మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. మా పిల్లలకు ఆ కార్లు కనపడకుండా చేయటమే నా మొదటి ఉపాయం. కిటికీకి సూర్యకుటుంబం చార్టు అంటించాను. నాలుగో రోజుకు శనిగ్రహం నడిమధ్య ఒక బొక్క, ఆ బొక్కలో ఒక కన్ను. వారం తిరిగేసరికి బొక్క పడని గ్రహం లేదు.

బెంచీలు తిప్పి, కిటికీ వాళ్ల వీపు వెనక్కి వచ్చేలా చేశాను. అంతకు ముందు మెడలు మాత్రమే తిరిగేవి. అప్పట్నుంచి నడుముల దగ్గర్నుంచి తిరిగారు. బెంచీలు కిర్రుమనేవి. గట్టిగా అరిచి చూశాను. పక్క గదిలో నాలుగో తరగతి శ్రద్ధగా కూర్చుంది, నా క్లాసు మాత్రం కాదు.

కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి ఉండేది. రెండు జడలు, నోట మాట తక్కువ. ఆ పిల్లకు చూడటం కూడా అవసరం లేదు. పుస్తకంలోకి చూస్తూనే పక్క పిల్లతో మెల్లగా అనేది: "డీజిల్ బండి, ఆగది." అది ఆగేది కాదు. కాసేపాగి: "గిది పెట్రోల్ కారు. ఏసీ ఏసిన్రు. ఆగుతది." అది ఆగేది. ఆ చెవులు నాకుంటే అమీర్‌పేటలో నేను మూడుసార్లు ఫెయిలయ్యేవాణ్నా!

మధ్యాహ్నం ఆ పిల్ల బోరు దగ్గర అన్నం డబ్బా కడుక్కుంటుంటే అడిగాను. "ఎందుకమ్మా, రోడ్డు మీద నీకేం పని?"

డబ్బా కడగటం ఆపలేదు. "కారాగితె మా బాపు పొలం కాడికి ఉరుకుతడు సార్, చూపెట్టనీకి. ఏ దినం అమ్ముతడోనని అవ్వ సరిగ తింటలేదు. కారాగితె ఇంటికొచ్చి చెప్పమన్నది."

"మరి క్లాసులో మిగతావాళ్లు?"

"గాళ్లిండ్లల్ల గూడ గంతే సార్."

నేను మళ్లీ క్లాసులోకి వెళ్లి ఆ ముప్పై ఎనిమిది మందినీ కొత్తగా చూశాను. నేను ఇన్నాళ్లూ శ్రద్ధ లేదని తిట్టిన పిల్లలు, ఇళ్లవాళ్లు పెట్టిన కాపలా కాస్తున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా శ్రద్ధగానే ఉన్నారు. అది వైశాల్యం మీద లేదు, అంతే. పొలం ఉంటుందా పోతుందా అన్న ప్రశ్న ముందు, పొడవు పన్నెండు సెంటీమీటర్లు అన్న ప్రశ్న నిలబడాలి.

అప్పట్నుంచి కిటికీతో పోట్లాట మానేసి, నా పాఠాన్ని విప్పి చూసుకోవటం మొదలుపెట్టాను. మొదట దొరికిన దొంగ నా నోరే. నలబై నిమిషాల పీరియడ్‌లో ముప్పై తొమ్మిది నిమిషాలు నేనే మాట్లాడుతున్నాను. ఒక నిమిషం ఊపిరికి. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నాను. ఎనిమిది నిమిషాలు కాగానే చాక్‌పీసు కింద పెట్టాలి, పిల్లల చేత ఏదో ఒకటి చేయించాలి. ఒక గీత గీయించాలి, ఒక లెక్క వేయించాలి, పక్కవాడికి చెప్పించాలి. మొదటి రోజు ఎనిమిదో నిమిషం దగ్గర ఆపుకోలేక నా నాలుక కరుచుకున్నాను, నిజంగానే.

ఒకటో తరగతి నుంచి పలకలు అడిగి తెచ్చాను. ప్రశ్న అడిగితే అందరూ రాయాలి, నేను బల్ల మీద కొట్టగానే అందరూ ఒకేసారి పైకెత్తాలి. అంతకు ముందు చెయ్యెత్తినవాళ్లనే అడిగేవాణ్ని. ముందు బెంచీలో అయిదుగురు ఎత్తేవాళ్లు, ఆ అయిదుగురితో నా పాఠం రాజాలా సాగిపోయేది. పలకలెత్తిన మొదటి రోజు ముప్పై ఎనిమిదింట్లో ముప్పై ఒకటి తప్పు. ఒక పలక మీద జవాబుకు బదులు కారు బొమ్మ ఉంది. అన్ని రోజులుగా నేను పాఠం చెప్పింది గోడలకని ఆ రోజు తెలిసింది.

ఇంకొకటి బిస్కెట్ డబ్బా. అందులో రోల్ నంబర్ల చీటీలు. ఎవరి చీటీ వస్తే వాళ్లు చెప్పాలి. ఇందులో నేనొక తెలివితక్కువ పని చేశాను. ముందు చీటీ తీసి, తర్వాత ప్రశ్న అడిగాను. ఎవరి నంబరు వచ్చిందో తెలియగానే మిగతా ముప్పై ఏడుగురూ హాయిగా రోడ్డు మీదికి వెళ్లిపోయారు. రెండ్రోజుల తర్వాత బుద్ధొచ్చి తిరగేశాను. ముందు ప్రశ్న, తర్వాత మౌనం, ఆ తర్వాతే చీటీ.

ఆ మౌనం ఉందే, అది నాకు నరకం. ప్రశ్న అడిగి మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టాలని నియమం పెట్టుకున్నాను. ఒకటి. రెండు. రెండు దగ్గరే జవాబు నా గొంతులోకి వచ్చి తలుపు తట్టేది. మూడు దగ్గర మెడ మీద చెమట. కానీ ఆ నాలుగో అంకె దగ్గర, ఎప్పుడూ మాట్లాడని వెనక బెంచీ తలలు మెల్లగా పైకి లేచేవి. ఒకటి దగ్గరే తొందరపడి చెప్పేసిన రోజుల్లో అవి లేవనే లేదు.

బీరువా తలుపు లోపలి వైపు రోజూ చాక్‌పీసుతో నేనే గీతలు గీసుకునేవాణ్ని. మొదటి వారం తలుపు చాలలేదు. మూడో వారం చివరికి పీరియడ్‌కు పదిహేను, పదహారు. అక్కడ ఆగిపోయింది. ఎన్ని చేసినా పది కిందికి దిగదు. శనివారానికి నాలుగు రోజులుంది. మేడం వరండాలో కనపడితే నేను నీళ్లకని బోరు దగ్గరికి పోయేవాణ్ని. ఆ వారం నేను తాగిన నీళ్లకు ఆ బోరు ఎండలేదంటే అది భగవంతుడి దయ.

బుధవారం పుస్తకంలో లెక్క చదువుతుంటే హారన్ మోగింది. తలలు తిరిగాయి. ఏడుపొస్తున్నట్టనిపించి, ఏం అడుగుతున్నానో నాకే తెలియకుండా, "గుంటకెన్ని గజాలు?" అన్నాను.

"నూట ఇరవై ఒకటి సార్!"

రేకులు అదిరాయి. పలక లేదు, చీటీ లేదు. పసిపిల్లల నుంచి అందరికీ నోటికి వచ్చు.

"ఎకరానికెన్ని గుంటలు?"

"నలబై!"

"మరి నూట ఇరవై ఒకటే ఎందుకైంది? నూట ఇరవై పెట్టుకుంటె సాఫుగ ఉండు గదా?"

నేను ఆగాను, ఈసారి నియమం కోసం కాదు. నిజంగా నాక్కూడా అప్పుడు తట్టలేదు. అయిదు దాటి పదిహేను దాకా లెక్కపెట్టాను. కిటికీ పక్క అమ్మాయి పలక మీద ఏదో రాసి, తుడిచి, మళ్లీ రాసి, బల్ల మీద కొట్టకముందే ఎత్తింది. 11 × 11.

"చదరం సార్. దిక్కుకు పదకొండు గజాలు."

అప్పటికి బయట ఒక కారు ఆగి, వెళ్లిపోయి కూడా ఉంది. ఎవరూ చూడలేదు. నేను చూసింది దుమ్ము మాత్రమే.

శుక్రవారం సాయంత్రం చివరి పీరియడ్ వాకిట్లో పెట్టాను. గజానికొక ముడి వేసిన తాడుతో పిల్లలు పదకొండు, పదకొండు కొలిచి అసలైన గుంట ఒకటి గీశారు. అందులో జట్టుకొక ప్లాటు. మూలలకు రాళ్లు పాతారు. రాళ్లకు సున్నం వేద్దామన్నది వాళ్లే. నేను ఎందుకన్నాను.

"తెల్లగ లేకపోతె ప్లాటెట్ల అయితది సార్?" అన్నారు, నన్ను జాలిగా చూస్తూ.

గోడలకు వేయగా మిగిలిన సున్నం బకెట్ తెచ్చారు. ప్రతి జట్టూ తన ప్లాటు వైశాల్యం లెక్కగట్టి, హద్దులతో సహా కాగితం రాసింది. తూర్పుకు మూత్రశాల గోడ, పడమరకు రోడ్డు, ఉత్తరానికి సైకిళ్లు పెట్టే జాగ, దక్షిణానికి మేడం రూము. కింద ఇద్దరు సాక్షులు. ఇంటిపని కూడా ఇచ్చాను: ఎవరికి వాళ్లు ఆ కాగితం నకలు ఇంటికి తీసుకెళ్లి, ఎట్లా కొలిచారో ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్ల చేత వేలుముద్రో సంతకమో పెట్టించుకు రావాలి. తాను విన్నది ఇంకొకరికి చెప్పగలిగితేనే వచ్చినట్టు, అని నా లెక్క. ఇంతలో బస్సు టైమైంది. సున్నం ఆరనీ, రాళ్లు రేపు తీద్దాంలే అనుకున్నాను.

అదీ నేను చేసిన పని. మన దగ్గర రోడ్డు పక్క జాగాలో తెల్ల రాళ్లు లేచాయంటే అర్థం ఒకటే, ఆ జాగ ప్లాట్లుగా అమ్ముడుపోయిందని. అది ఆరేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఆరేళ్ల పిల్లకు తెలిసింది నాకు తట్టలేదు.

శనివారం బస్సు దిగేసరికి స్కూలు ముందు ఒక జాతర. ఒక ముప్పై మంది ఉంటారేమో, నా కళ్లకు మూడొందల మంది కనపడ్డారు. ఆలూరు నుంచి ఆటో కట్టుకుని వచ్చినవాళ్లున్నారు. అందరూ ఒకటే మాట.

"ఏ పార్టీకిచ్చిన్రు మేడం? మాకొక్క మాట చెప్తె ఏం బోయింది?"

"నడిమిట్ల బడి ఎత్తేస్తె పిల్లలు యాడికి బోవాలె? మా టీసీలు మాకియ్యున్రి."

గుంపు మధ్యలో బండి మీద కూర్చుని మా మామ. నిన్న సాయంత్రం ఆ దారిన పోతూ రాళ్లు చూసిందీ, ఊరూరా చెప్పిందీ ఆయనే. నన్ను చూడగానే చేతులు చాచాడు.

"శబాష్ అల్లుడా! బడిల కొలువు జేసుకుంట బడినే అమ్మినవు! నేను ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్న, నాకు గూడ గింత అకల్ రాలే!"

మేడం మొహం సున్నం వేసిన రాయిలా ఉంది. "సార్," అంది, "నా స్కూలు నాకు తెల్వకుండ ఎట్లమ్మిన్రు సార్?"

అప్పుడే గుంపును తోసుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో నా ఇంటిపని కాగితం. వెనకే రెండు జడల అమ్మాయి, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి.

"గిది రాయించిందెవలు? నా మన్మరాలు కాగితం మీద దస్కతు జేసొచ్చింది, నాతోని ఏలుముద్ర ఏపిచ్చింది. నాకు రాత్రి నిద్ర లేదు."

"నేనే అవ్వా."

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. "నువ్వా? నీ మొకం జూస్తె బలపం గూడ ఉద్దెరియ్యరు. నువ్వు జాగలు రాయించుకుంటవా?"

"అది మీ పొలం కాదవ్వా. మూత్రశాల గోడ పక్క జాగ. ఉత్తదే. లెక్క నేర్సుకోనీకి."

"ఉత్తదానికి సాక్షులెందుకు?"

నా వల్ల ఒక ముసలి ప్రాణం రాత్రంతా మేలుకుంది. మా మామ నవ్వు చూస్తే, సోమవారం నుంచి ఆయన బండి వెనక సీటు నా కోసం దులిపి పెట్టినట్టే ఉంది.

మేడం గంట దగ్గరికి నడిచి రెండో పీరియడ్ కొట్టింది. మొదటిది గొడవలోనే పోయింది. కుర్చీ, నోటు పుస్తకం, పెన్సిల్ తెచ్చుకుని వాకిట్లోనే వేసుకుని కూర్చుంది.

"చెప్పున్రి సార్. పాఠమే అయితె పాఠం లెక్కనే కనపడ్తది. అమ్మకమైతె గదీ కనపడ్తది. అందరు జూస్తరు. నా గీతలు నేను గీస్త."

పిల్లల్ని గుంట చుట్టూ నిలబెట్టాను. వాళ్ల వెనక వాళ్ల ఇళ్లవాళ్లు. బోరున్న మూల చూపించాను. "ఈ మూలకు బోరున్నది. బోరు కాడ మూడు గజాల వెడల్పు, నాలుగు గజాల పొడుగు జాగ ఇడిశిపెడదాం. అది ఎవ్వరిది గాదు. మిగిలిందెన్ని గజాలు?"

ఒకటి.

రెండు దగ్గర మామ అందుకున్నాడు. "దీనికి లెక్కెందుకు? గుంట అంటె గుంటనే. నూట ఇరవై ఒకటి. బోరు కామన్ల పోతది."

"కామన్ల పోయేదాన్ని మళ్ల అమ్ముడేంది?" అంది అవ్వ.

నేను మామ వైపు నోటి మీద వేలు పెట్టి చూపించాను. జీవితంలో మొదటిసారి ఆయన నా మాట విన్నాడు. మూడు. నాలుగు. రోడ్డు మీద కారొకటి ఆగి గట్టిగా హారన్ కొట్టింది. పిల్లల వైపు చూసే ధైర్యం లేక మేడం వైపు చూశాను. ఆమె పెన్సిల్ కదులుతోంది. ఆగకుండా కదులుతోంది. ఒక గీత, ఇంకో గీత, అడ్డంగా ఇంకోటి. అయిదు.

పలకలు లేచాయి. తప్పులున్నాయి, చాలానే ఉన్నాయి. రెండు జడల అమ్మాయి పలక మీద 109.

"ఎట్లా?" అని మామే అడిగాడు.

ఆ పిల్ల నాకు చెప్పలేదు, మామకూ చెప్పలేదు. అవ్వ చెయ్యి పట్టుకుని సున్నం గీత మీద నడిపించింది. "గీ కింది ముక్క పొడుగు పదకొండు, వెడల్పు ఏడు అవ్వా. డెబ్బై ఏడు. గా పై ముక్కల బోరు జాగ పోతె ఎనిమిదే మిగిలింది. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు. రెండు కలుపు."

వెనకనుంచి ఒక పిల్లవాడు, "అంత తిరుగుడెందుకే? నూట ఇరవై ఒకట్ల పన్నెండు తీసెయ్!" అని అరిచాడు. వాళ్లిద్దరూ దేనిది దగ్గరి దారో వాదించుకుంటుంటే, అవ్వ గీత మీదే నిలబడి ఇంకోసారి మొదట్నుంచి చెప్పమంది. చెప్పించుకుంది. అప్పుడు మెల్లగా మా మామ వైపు తిరిగింది.

"మా చెలకల బాయి జాగ గూడ గిట్లనే అమ్మేదాంట్ల కలిపి జెప్పినవా అయ్యా, నా కొడుకుకు?"

మామకు రోడ్డు మీద ఆగిన కారు గుర్తొచ్చింది.

గొడవ సద్దుమణిగింది, చాలావరకు. ఆటో కట్టుకుని వచ్చినవాళ్లలో ఇద్దరు మాత్రం, ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో ఎట్లా పోతామని టీసీలు పట్టుకునే వెళ్లారు. అవ్వ నా చేత కాగితం మీద అడ్డంగా 'చెల్లదు' అని రాయించి, సంతకం చేయించి, నా సంతకం కింద ఇద్దరు పిల్లల్ని సాక్షులుగా పెట్టించి, మడిచి నడుములో దోపుకుంది. ఆదివారం తాడు తీసుకుని పొలం కొలవటానికి చెలకలోకి రమ్మని మనవరాలికి చెబుతూ పోయింది.

ఇంటర్వెల్‌లో మేడం నన్ను గదిలోకి పిలిచింది. నోటు పుస్తకం బల్ల మీద మూసి ఉంది. నిలబడే అడిగాను.

"గీతలెన్నైనయి మేడం?"

ఆమె పుస్తకం నా వైపు తిప్పి తెరిచింది. పేజీ నిండా ఒక మూల తెగిన చదరం. పక్కన 11, దాని కింద 77, దాని కింద 32, కొట్టేసిన ఒక 119, చివరికి కింద రెండు గీతలు గీసిన 109. తలకాయల గీత ఒక్కటి లేదు.

"లెక్కవెట్టుడు మర్శిన సార్," అంది, నా వైపు చూడకుండా. "నాకు మొదట నూట పందొమ్మిది వచ్చింది. యాడ తప్పిందో దేవులాడుకుంట ఉండంగ గంటైంది."

"అయితే మరి..."

"మళ్లొచ్చే నెల ఆఖరి శనివారం చూస్త. గా రాళ్లు మాత్రం ఇయ్యాల్నే తీసెయ్యున్రి."

బల్ల సొరుగు లాగి, వచ్చే నెల హాజరు రిజిస్టరు తీసి నా చేతిలో పెట్టింది. అట్ట మీద ఆరో తరగతి అని ఇంకుతో రాసి ఉంది. దాని కింద నా పేరు ఉంది, పెన్సిల్‌తో.